పుస్తకం తెరిచి రాసే ఆన్‌లైన్ పరీక్ష: పదకొండు జవాబు పత్రాల్లో ఒకే తప్పు

పాలమూరు అధ్యాపకుడు రాశారు:

మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక స్వయంప్రతిపత్తి కళాశాలలో పీజీ విద్యార్థులకు అర్థశాస్త్రం బోధిస్తాను. పోయిన సెమిస్టరులో ఒక ఇంటర్నల్ పరీక్షను ఓపెన్ బుక్ పద్ధతిలో పెట్టాం. విద్యార్థులు ఇంట్లోనే కాగితం మీద రాసి, ఫోనుతో స్కాన్ చేసి, పీడీఎఫ్‌ను పోర్టల్‌లో అప్‌లోడ్ చేశారు. ఈసారి దానికి నియమావళి రాసే పని నాకు అప్పగించారు. పాత కాగితాలు తీసి చూస్తే పోయినసారి మేము ఇచ్చిన నియమం ఒక్క వాక్యమే: "విద్యార్థులు ఏ పుస్తకమైనా చూసుకోవచ్చు, కానీ అనుచితమైన సాయం పొందరాదు."

ఆ వాక్యం తెచ్చిన చిక్కు చెబుతాను. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్గొండ జిల్లా వ్యవసాయాన్ని ఎలా మార్చిందో చర్చించమని ఒక ప్రశ్న అడిగాను. ముప్పై ఒక్క జవాబు పత్రాలు వస్తే, వాటిలో పదకొండింట ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసిన సంవత్సరం 1965 అని ఉంది. శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న. 1965 నాటికి నెహ్రూ జీవించి లేరు. పదకొండు మందీ ఒకచోట కూర్చుని రాశారని మా విభాగంలో ఒకరు అప్పటికప్పుడే తేల్చేశారు. తీరా విచారిస్తే, మా ఊళ్లో ప్రతి జెరాక్స్ సెంటరులో దొరికే ఒక గైడులో ఆ అచ్చుతప్పు ఉంది. ఏ పుస్తకమైనా చూడవచ్చని చెప్పింది మేమే. గైడు కూడా పుస్తకమే కదా. ఆ పదకొండు మంది మార్కులను ఆపి ఉంచాం. వారి విషయంలో ఏం చేయాలి, కొత్త నియమావళిలో ఏం రాయాలి అన్న రెండు ప్రశ్నలకూ పెద్దలు తమ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను.

నల్గొండ విశ్రాంత ఉద్యోగి రాశారు:

నేను పరీక్షల విభాగంలోనే ఉద్యోగ జీవితమంతా గడిపాను. స్క్వాడ్ జీపు గేటు ముందు ఆగగానే కిటికీల్లోంచి చిట్టీలు వానలా రాలిన రోజులు చూసినవాణ్ణి. అప్పట్లో మా పని సులువు. అభ్యర్థి దగ్గర కాగితం దొరికితే బుక్ చేసేవాళ్లం, కాగితాన్ని జవాబు పత్రానికి జతచేసి సీలు వేసేవాళ్లం, మిగతాది కమిటీ చూసుకునేది. ఓపెన్ బుక్‌లో కాగితం ఉండటమే నియమమైతే ఇక పట్టుకోవడానికి ఏం మిగిలిందో నాకు అర్థం కావడం లేదు. నన్నడిగితే గైడ్లను నిషేధించాలి, ఫోను కెమెరా ఆన్‌లో పెట్టించి పరీక్ష రాయించాలి, ఆ పదకొండు మందికీ ఆ ప్రశ్నకు సున్నా వేయాలి. ఒకసారి వేస్తే మరోసారి ఎవరూ గైడు ముట్టుకోరు.

మిర్యాలగూడ న్యాయవాది రాశారు:

పెద్దాయన అనుభవం మీద నాకు గౌరవం ఉంది కానీ, సున్నా వేయడానికి ఒక నిబంధన కావాలి, ఆ నిబంధన పరీక్షకు ముందే విద్యార్థి చేతిలో ఉండాలి. ఇక్కడ ఆ రెండూ లేవు.

ఇలాంటి సందర్భాల్లో కళాశాలలు సాధారణంగా మూడు చట్టాల పేర్లు చెబుతాయి. మొదటిది 1997 నాటి పబ్లిక్ పరీక్షల మాల్ ప్రాక్టీసు నిరోధక చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆ చట్టమే తెలంగాణలోనూ కొనసాగుతోంది. అది ప్రశ్నపత్రాల లీకు, పరీక్ష కేంద్రం చుట్టూ అల్లుకున్న చట్టం. సొంత ఇంట్లో పుస్తకం తెరుచుకుని రాసే పరీక్ష ఒకటి వస్తుందని దాన్ని రాసినవారు ఊహించలేదు. రెండోది 2024లో వచ్చిన కేంద్ర చట్టం; అది యూపీఎస్‌సీ, స్టాఫ్ సెలెక్షన్ కమిషన్, రైల్వే బోర్డులు, బ్యాంకు ఉద్యోగాలు, నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ వంటి సంస్థల పరీక్షలకు ఉద్దేశించింది, మీ ఇంటర్నల్‌కు దానితో సంబంధం లేదు.

మూడోది యూజీసీ 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు. అధ్యాపకులు తరచూ పొరబడేది ఇక్కడే. పోలిక పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు, పది నుంచి నలభై వరకు ఉంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, నలభై నుంచి అరవై వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వకూడదు, అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు అనే మెట్లు అందులో ఉన్నాయి. చాలామంది ఆ శాతాలను తెచ్చి జవాబు పత్రాల మీద ప్రయోగిస్తున్నారు. కానీ ఆ నిబంధనలు సిద్ధాంత గ్రంథాలకు, పరిశోధన వ్యాసాలకు, పుస్తకాలకు వర్తిస్తాయి. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు వాటి పరిధిలోకి రావని నిర్వచనంలోనే స్పష్టంగా రాశారు. అందువల్ల మీ పరీక్షకు చట్టమంటే మీ కళాశాల అకడమిక్ కౌన్సిల్ ఆమోదించే నియమావళే. అది ఎంత స్పష్టంగా ఉంటే మీ చేతిలో అంత బలం ఉంటుంది. "అనుచితమైన సాయం" అన్న మాట ఒక్కటే ఉంటే, ఏది అనుచితమో విద్యార్థికి ముందుగా ఎవరు చెప్పారని ఏ న్యాయస్థానమైనా అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

దేవరకొండ విద్యార్థిని రాశారు:

నేను పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కళాశాలలోనూ ఇలాంటి పరీక్షలు రెండు రాశాను. పెద్దలందరికీ నమస్కారం చేసి రెండు సంగతులు చెప్పాలనుకుంటున్నాను.

కెమెరా గురించి మొదట. మాది చందంపేట వైపు ఊరు. సిగ్నల్ కోసం డాబా మీదికి వెళ్లి ప్రశ్నపత్రం దించుకుని, కిందికి వచ్చి రాసి, మళ్లీ డాబా ఎక్కి అప్‌లోడ్ చేశాను. రెండు గంటలు వీడియో నడిస్తే నెట్ బ్యాలెన్స్ సగంలోనే అయిపోతుంది. మా ఇంట్లో ఉన్నది ఒక గది, వెనక వంటిల్లు; అమ్మ నడుము పట్టేసి పడుకుని ఉంటే, నేను ఎవరో చూస్తున్న కెమెరా ముందు కూర్చుని పరీక్ష రాయాలా? ఇల్లు పెద్దదైతే నిజాయితీ ఎక్కువ, చిన్నదైతే అనుమానం ఎక్కువ అన్నట్టు ఉంటుంది ఆ పద్ధతి.

రెండోది వాట్సాప్ గురించి. పరీక్ష మొదలైన పది నిమిషాలకు మా క్లాసు గ్రూపులో ఎవరో రెండో ప్రశ్నకు జవాబు ఫలానా పేజీలో ఉందని పెట్టారు. నేను అడగలేదు, జవాబూ ఇవ్వలేదు, కానీ ఫోను తెరవగానే అది కళ్లబడింది. నేను తప్పు చేసినట్టా, కాదా? ఇది వాదన కోసం అడగడం లేదు సార్, ఆ రోజు రాత్రి నిజంగానే నిద్ర పట్టలేదు.

అచ్చంపేట నెట్ సెంటర్ రాశారు:

మాది అమ్రాబాద్ దారిలో చిన్న నెట్ సెంటర్. పరీక్ష రోజున నల్లమల ఊళ్ల పిల్లలు జవాబు కాగితాలు పట్టుకుని మా దగ్గరికే వస్తారు. ఫోనులో తీసిన ఫొటోలు ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీ ఉంటాయి, పోర్టల్ తీసుకోదు. మేము వాటిని చిన్నవి చేసి, వరుస సరిచేసి, ఒక్క పీడీఎఫ్ చేసి ఇస్తాం. ఆ తొందరలో ఒకరి మూడో పేజీ ఇంకొకరి ఫైలులో కలిసిపోవడం నా కళ్లముందే జరిగింది, నేనే పట్టుకుని సరిచేశాను. పట్టుకోలేకపోయి ఉంటే ఆ ఇద్దరి మీదా కేసు అయ్యేదేమో. ప్రతి పేజీ మీద హాల్ టికెట్ నంబరు, పేజీ నంబరు, సంతకం ఉండాలన్న ఒక్క మాట నియమాల్లో పెడితే మాలాంటివాళ్లం కూడా పొరపాటు చేయకుండా ఉంటాం.

సూర్యాపేట రసాయనశాస్త్రం రాశారు:

ఇంతసేపూ విద్యార్థి ఏం చేశాడన్నదే మాట్లాడుతున్నాం, ప్రశ్నపత్రం ఎవరు తయారు చేశారన్నది ఎవరూ అడగలేదు. పాలమూరు అధ్యాపకుడు గారు నొచ్చుకోకూడదు. "ఎడమ కాలువ వ్యవసాయాన్ని ఎలా మార్చిందో చర్చించండి" అన్నది గైడు కోసమే పుట్టిన ప్రశ్న. దానికి జవాబు గైడులో ఉంది కాబట్టి విద్యార్థి గైడు తెరిచాడు.

నా సంగతే చెబుతాను. మొదటిసారి ఓపెన్ బుక్ పెట్టినప్పుడు నేను "నల్గొండ టెక్నిక్‌ను వివరించండి" అని అడిగాను. ఫ్లోరైడ్ నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, గడ్డకట్టిన మడ్డిని అడుగుకు దింపి వడగట్టే ఈ పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది, పేరు మాత్రం మన జిల్లాది. క్లాసంతా ఒకే పేరా రాసుకొచ్చారు. వాళ్లు చేసింది మోసం కాదు, నేను అడిగింది దస్తూరీ పరీక్ష.

మరుసటి ఏడాది ప్రశ్న మార్చాను. నాలుగు బోరుబావుల నీటికి పీహెచ్, కాల్షియం, బైకార్బొనేట్, క్షారత విలువలు ఒక పట్టికలో ఇచ్చి, మూడింటికి ఫ్లోరైడ్ విలువ చెప్పి, నాలుగోదాన్ని ఖాళీగా వదిలేశాను. నాలుగో బావిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటుతుందా లేదా, ఎందుకు అనుకుంటున్నారు, ఏ బావి నీటికి పటిక మోతాదు ఎక్కువ పడుతుంది, ఆ నీటిని శుద్ధి చేశాక మిగిలే మడ్డిని ఎక్కడ పారబోయాలి అని అడిగాను. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న క్షార జలంలో గ్రానైటు రాతి నుంచి ఫ్లోరైడ్ సులువుగా కరుగుతుందన్న సూత్రం ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది, తెరిచి చూసుకోవచ్చు. కానీ ఆ సూత్రాన్ని నా పట్టికకు అన్వయించే పేజీ ఏ గైడులోనూ ఉండదు. పైగా హాల్ టికెట్ నంబరులోని చివరి అంకెను బట్టి నాలుగు రకాల పట్టికలు ఇచ్చాను కాబట్టి పక్కవాడి జవాబు ఎక్కించినవాడు తన పట్టికకు సరిపడని అంకెలు రాసి తనంతట తానే బయటపడతాడు. ఆ ఏడాది మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, ఫ్లోరైడ్ నీటి వల్ల వంకర తిరిగిన కాళ్లతో తిరిగే తమ తాతను చూస్తూ పెరిగిన పిల్ల, మడ్డి గురించి రాసిన అరపేజీ నేను చదివిన జవాబులన్నిటిలోకీ మంచిది.

నల్గొండ విశ్రాంత ఉద్యోగి రాశారు:

మేడమ్ చెప్పింది బాగుంది, కానీ ఒక సందేహం. ఒక విభాగంలో నలభై మంది ఉంటే నాలుగు రకాల పట్టికలు సరే, డిగ్రీలో ఒక్కొక్క సెక్షనుకు అరవై, డెబ్బై మంది ఉంటారు. పార్ట్‌టైం అధ్యాపకుడు నాలుగు కాలేజీలు తిరుగుతూ ఇలాంటి ప్రశ్నలు ఎప్పుడు తయారు చేస్తాడు, ఎప్పుడు దిద్దుతాడు? ఇది నిలదీయడం కాదు, వ్యవస్థను చూసినవాడిగా అడుగుతున్నాను.

సూర్యాపేట రసాయనశాస్త్రం రాశారు:

మీ సందేహం న్యాయమైనదే. దిద్దడానికి నాకు రెట్టింపు సమయం పట్టింది, దానికి ఎవరూ అదనంగా ఒక్క రూపాయి ఇవ్వలేదు. అందుకే అన్ని పేపర్లూ ఓపెన్ బుక్ చేయాలని నేను అనను. అలాంటి ప్రశ్న తయారు చేసే తీరిక లేని చోట మామూలు పరీక్ష పెట్టడమే మేలు. పాత ప్రశ్నపత్రం ఉంచి పుస్తకం తెరవమంటే మాత్రం అది ఎక్కించి రాయమని పిలిచినట్టే.

గద్వాల పరిశోధక విద్యార్థి రాశారు:

కృత్రిమ మేధ గురించి ఇంకా ఎవరూ ప్రస్తావించలేదు. 2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వచ్చాక, గైడు గొడవ చిన్నదైపోయింది. మేడమ్ గారి పట్టికను ఫొటో తీసి అడిగినా అది ఏదో ఒక జవాబు రాసిస్తుంది, సగం సందర్భాల్లో బాగానే రాస్తుంది.

దానికి విరుగుడుగా చాలా కళాశాలలు పట్టుకునే సాఫ్ట్‌వేరు వైపు చూస్తున్నాయి. ఇక్కడ జాగ్రత్త అవసరం. చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక గుర్తింపు సాధనాన్ని విడుదల చేసింది. యంత్రం రాసిన పాఠాల్లో 26 శాతాన్ని మాత్రమే అది పట్టుకోగలిగింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రం రాసిందని తప్పుగా చెప్పింది. కచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది జులైలో దాన్ని ఉపసంహరించుకున్నారు. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిషు మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్ష కోసం రాసిన వ్యాసాలను ఇలాంటి సాధనాలకు ఇచ్చి చూస్తే, సగానికి పైగా వ్యాసాలను అవి యంత్రం రాసినట్టు తేల్చాయి. చిన్న చిన్న వాక్యాలు, తెలిసిన కొద్దిపాటి మాటలు మళ్లీ మళ్లీ వాడటం అనుమానానికి కారణమవుతాయి. తెలుగు మీడియంలో చదివి పీజీలో ఇంగ్లిషులో రాసే మన పిల్లల భాష అచ్చంగా అలాగే ఉంటుంది. అటువంటి యంత్రం ఇచ్చిన శాతాన్ని చేతిలో పట్టుకుని ఒక పిల్లవాణ్ణి దోషిగా నిలబెట్టడం నాకు భయం కలిగించే విషయం.

దేవరకొండ విద్యార్థిని రాశారు:

అన్నా, మీరు చెప్పినదానికి అనుబంధంగా ఒకటి అడుగుతాను. నాకు ఇంగ్లిషు పాఠం ఒక పట్టాన అర్థం కాదు. పరీక్షలో ఒక పీడీఎఫ్‌లోని పేజీని గూగుల్‌లో తెలుగులోకి మార్చుకుని చదివి, అర్థం చేసుకుని, నా మాటల్లో రాశాను. అది యంత్ర సాయమే కదా. నియమావళిలో యంత్రం వాడరాదు అని ఒక్క ముక్కలో రాస్తే, మొదట దొరికిపోయేది నాలాంటివాళ్లే.

మిర్యాలగూడ న్యాయవాది రాశారు:

ఈ అమ్మాయి అడిగినవే నియమావళి రాసేవారు ముందుగా అడగవలసిన ప్రశ్నలు. అర్థం చేసుకోవడానికి వాడే సాధనానికీ, రాయించుకోవడానికి వాడే సాధనానికీ తేడా ఉంది. మొదటిదాన్ని అనుమతించి, రెండోదాన్ని నిషేధించి, రెండింటి మధ్యా ఎక్కడ నిలబడ్డారో జవాబు పత్రం చివర రెండు వాక్యాల్లో విద్యార్థి చేతనే రాయించండి. ఏ పుస్తకం చూశాను, ఏ యంత్రాన్ని ఏ పనికి వాడాను, ఎవరితో మాట్లాడాను అన్న ప్రకటన అది. అందులో నిజం చెప్పినందుకు మార్కులు తగ్గించబోమని కూడా నియమంలోనే రాయాలి, లేకపోతే ఎవరూ నిజం రాయరు.

వాట్సాప్ సంగతికి వస్తే, అనుకోకుండా కంటపడిన సందేశం తప్పు కాదు, దాన్ని వాడుకుని దాచడం తప్పు. చూశానని ప్రకటనలో రాసే వీలు కల్పిస్తే ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

కెమెరా విషయంలో పెద్దాయనకు ఒక మాట. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. విద్యార్థి ఇంటి లోపలి దృశ్యాలు ఎందుకు తీస్తున్నారు, ఎంతకాలం దాస్తారు, ఎవరికి చూపిస్తారు అన్నవి చెప్పకుండా ఒక కళాశాల వీడియో తీసి పెట్టుకోవడం రేపటి తలనొప్పిని ఈరోజే కొనితెచ్చుకోవడం. వికలాంగుల సంగతి కూడా మరచిపోవద్దు. సహాయకుడితో రాసేవారికి గంటకు కనీసం ఇరవై నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. ఇంట్లో రాస్తున్నారు కదా అని దాన్ని ఎత్తేయడం కుదరదు.

నల్గొండ విశ్రాంత ఉద్యోగి రాశారు:

కెమెరా మాట వెనక్కి తీసుకుంటున్నాను. గైడు మాట మాత్రం తీసుకోను. అప్‌లోడుకు ఎంత గడువు ఇవ్వాలో కూడా ఎవరైనా చెప్పండి.

గద్వాల పరిశోధక విద్యార్థి రాశారు:

2020 ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయం చివరి సంవత్సరం విద్యార్థులకు ఓపెన్ బుక్ పరీక్షలు పెట్టినప్పుడు ఆ గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి రాయడానికి మూడు గంటలు, స్కాన్ చేసి పంపడానికి విడిగా ఒక గంట ఇచ్చారు. అదే ఏడాది మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు మాస్కులు పెట్టించి హాల్లోనే రాయించాయి కాబట్టి ఆ అనుభవం మనకు లేదు. రాసే సమయాన్నీ పంపే సమయాన్నీ కలపకుండా ఉంచడం ఆ అనుభవం నుంచి మనం తీసుకోగలిగింది. పోర్టల్ మొరాయిస్తే పంపడానికి ఒక ఈమెయిల్ చిరునామా, పంపినట్టు వెంటనే ఒక రసీదు కూడా ఉండాలి.

పాలమూరు అధ్యాపకుడు రాశారు:

వారం రోజులుగా అందరి మాటలూ ముందు పెట్టుకుని రాసిన ముసాయిదాలోని ముఖ్య భాగాన్ని ఇక్కడ ఉంచుతున్నాను.

"ఈ పరీక్షలో పాఠ్యపుస్తకం, గైడు, సొంత నోట్సు, ఇంటర్నెట్‌లోని వ్యాసాలు చూడవచ్చు, చూసినదాన్ని పేరుతో పేర్కొనాలి, వరుసగా రెండు వాక్యాలకు మించి ఉన్నదున్నట్టు ఎత్తిరాస్తే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. అర్థం చేసుకోవడానికి అనువాద సాధనాలు వాడవచ్చు. జవాబును గానీ అందులోని భాగాన్ని గానీ మరో మనిషి చేత, యంత్రం చేత రాయించకూడదు. పరీక్ష మొదలైనప్పటి నుంచి అప్‌లోడు గడువు ముగిసే వరకు ప్రశ్నల గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు. అనుకోకుండా ఏదైనా కంటపడితే ప్రకటనలో రాయాలి. ప్రకటనలో చెప్పిన నిజానికి శిక్ష ఉండదు. రాయడానికి రెండు గంటలు, పంపడానికి ఒక గంట. ప్రతి పేజీ మీద హాల్ టికెట్ నంబరు, పేజీ నంబరు, సంతకం తప్పనిసరి. అనుమానం వచ్చిన జవాబు మీద పది నిమిషాల మౌఖిక పరీక్ష జరుగుతుంది. విద్యార్థికి రాతపూర్వకంగా కారణం చెప్పి, అతని మాట విని, ఇద్దరు అధ్యాపకులు నిర్ణయిస్తారు. సాఫ్ట్‌వేరు ఇచ్చిన శాతం ఒక్కటే ఆధారంగా ఎవరికీ శిక్ష వేయకూడదు."

పెద్దాయన గైడును ఎందుకు అనుమతించానని అడుగుతారు. నిషేధిస్తే ఇంట్లో దాన్ని మూసి ఉంచింది ఎవరో, తెరిచింది ఎవరో మనం చెప్పలేం. అలాంటి నియమం పాటించినవాడినే నష్టపరుస్తుంది. నా తరఫున ప్రశ్న మార్చాను. ఈసారి మిర్యాలగూడ మండలంలోని ఒక ఊరికీ, దేవరకొండ వైపు మెట్ట ఊరికీ సంబంధించిన పంటల విస్తీర్ణం పక్కపక్కన ఇచ్చి, ఒకే జిల్లాలో ఈ తేడా ఎందుకు వచ్చిందో, ఎడమ కాలువ ఆయకట్టు గీతకు అవతల ఏం జరిగిందో అడుగుతున్నాను.

పదకొండు మంది విషయం. ఒక్కొక్కరినీ పిలిచి పది నిమిషాలు మాట్లాడాం. ఎనిమిది మంది గైడులో చదివామని నేరుగా చెప్పారు, కాలువ గురించి అడిగితే తమ మాటల్లో చెప్పగలిగారు. సంవత్సరం తప్పుకు ఒక మార్కు తగ్గించి మిగతా మార్కులు ఇచ్చేశాం. ఇద్దరు తాము రాసిన పేరాలోని మాటలకే అర్థం చెప్పలేకపోయారు, అయినా అప్పుడు నియమం లేదు కాబట్టి కేసు పెట్టకుండా ఆ ప్రశ్నను మళ్లీ రాయించాం. పదకొండో అబ్బాయికీ ఆ ఒక్క మార్కు తగ్గించాం, కానీ అతను ఆ గైడును ఎన్నడూ చూడలేదట. 1965 అన్నది ఎక్కడిదని అడిగితే, మా క్లాసులో నేను బోర్డు మీద రాసిందేనని నోట్సు తెరిచి చూపించాడు. తేదీ చూస్తే ఆ రోజు పాఠం చెప్పింది నేనే.

దేవరకొండ విద్యార్థిని రాశారు:

సార్, మరి ఆ అబ్బాయికి తగ్గించిన మార్కు వెనక్కి ఇచ్చారా?

పాలమూరు అధ్యాపకుడు రాశారు:

ఇచ్చానమ్మా. మిగతా ఎనిమిది మందికీ ఇచ్చేశాను, నేను చెప్పిన పాఠంలోనే తప్పు ఉన్నప్పుడు తగ్గించే అర్హత నాకు లేదనిపించింది.